నాలుక లేని కప్ప, నమ్మకం లేని గవరమ్మ

కాళ్ళు కడుక్కున్నావా? తుడుచుకున్నావా? సరే, ఇటు జరుగు. దుప్పటంతా నువ్వే లాక్కోకు. మధ్యలో అడ్డం వచ్చావంటే కథ అక్కడే ఆపేసి అటు తిరిగి పడుకుంటాను, ముందే చెబుతున్నా.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి చుట్టూ ఉప్పు మళ్ళు. ఎటు చూసినా తెల్లగా ఉప్పు కుప్పలే. గాలి ఉప్పన, చెమట ఉప్పన, పెరట్లో బావి తవ్వితే ఆ నీళ్ళూ ఉప్పనే. మంచినీళ్ళు కావాలంటే ఇసక దిబ్బల అవతల ఒకే ఒక్క బావి ఉండేది. గురవయ్య అని ఒకాయన ఎద్దుబండి మీద పీపా కట్టుకుని, అక్కణ్ణించి తోడుకొచ్చి ఇంటింటికీ పోసేవాడు.

ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. పనిలో చురుకు. వంట చేస్తే వీధి చివరికి ఘుమఘుమలు. కానీ ఏం లాభం, ఎవర్నీ నమ్మదు. పెరుగు మీద మీగడ ఎంతవరకూ ఉందో గుర్తు పెట్టుకుని మరీ మూత పెట్టేది. కోడి గుడ్డు పెట్టకపోతే కోడిని ఏమీ అనేది కాదు, గోడ అవతలి వాళ్ళని అనేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, "ఈవిడ ఎందుకు నవ్వినట్టు?" అని ఆ పూటంతా ఆలోచించేది.

ఆవిడ మొగుడు లోవరాజు ఉప్పు లారీ తోలేవాడు. వెళితే ఒక పట్టాన రాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, నూకరత్నం. నీ ఈడుదే. ఆ పిల్లని గవరమ్మ ఎవరింటికీ ఆడుకోడానికి పంపేది కాదు. ఎవరేం పెడతారో, ఎవరేం నేర్పుతారో అని భయం. పాపం ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని, వీధిలో ఆడుకునే పిల్లల్ని చూస్తూ గోళ్ళు కొరుక్కునేది.

అప్పుడు లోవరాజుకి కూతుర్ని చూస్తే జాలేసింది. ఒకసారి పట్నం నుంచి వస్తూ ఒక గాజు తొట్టి తెచ్చాడు. దాంతోపాటు నీళ్ళు పోసి మూతి కట్టిన సంచిలో ఒక కప్పని తెచ్చాడు. బొటనవేలంత ఉంది. బూడిద రంగు. చుక్కల్లాంటి కళ్ళు.

"ఇది గట్టు మీదికి రాదే. ఎప్పుడూ నీల్లల్లోనే ఉంటాది. గాలి కోసం పైకొచ్చి, ముక్కు బయటెట్టి, మల్లీ బుడుంగుమని మునిగిపోద్ది. దీనికి నాలిక కూడా లేదు," అన్నాడు లోవరాజు.

గవరమ్మ వంగి చూసింది. కప్ప కూడా గవరమ్మని చూసింది.

"నాలిక లేదా? నాలిక లేనిదాన్ని ఎలగ నమ్ముతామయ్యా? దాని మనసులో ఏటుందో ఎలగ తెలుస్తాది?" అంది గవరమ్మ.

రత్నం మాత్రం అప్పుడే దానికి పేరు కూడా పెట్టేసింది. బుడుంగు.

లోవరాజు మళ్ళీ లారీ ఎక్కేముందు మూడు మాటలు చెప్పాడు. మూత తీసి ఉంచకండి, ఎగిరి పడిపోతుంది, అన్నాడు. తిండి రోజు విడిచి రోజు పెట్టండి, ఎక్కువ పెడితే నీళ్ళు కుళ్ళిపోతాయి, అన్నాడు. మూడో మాట మాత్రం గవరమ్మ మొహంలోకి చూసి చెప్పాడు. "తొట్టిలో మంచినీల్లే ఉండాల. మనూరి ఉప్పు తగిలిందంటే బతకదు. నేనొచ్చేసరికి ఇది బతికుండాలే, లేదంటే పిల్ల బెంగెట్టుకుంటాది."

ఆ తర్వాత లారీ వెళ్ళిపోయింది. కప్ప మిగిలింది.

రత్నం తొట్టి అడుగున గులకరాళ్ళు పరిచింది. విరిగిన గూనపెంకు ఒకటి తెచ్చి బోర్లించింది. బుడుంగు చటుక్కున ఆ పెంకు కిందికి దూరింది. దూరింది దూరినట్టే ఉంది. బయటికి రాదు.

"సూశావా, తప్పు చేసినోల్లే దాక్కుంటారు," అంది గవరమ్మ.

అప్పుడు గవరమ్మ నాలుగు మెతుకులు వేసింది. కప్ప రాలేదు. మెతుకులు నాని, నీళ్ళు కంపు కొట్టాయి. నీళ్ళు మార్చింది. ఆ తర్వాత కాస్త పప్పు వేసింది. కప్ప రాలేదు. మళ్ళీ కంపు, మళ్ళీ నీళ్ళు. అప్పుడు రత్నం గేదెల పాక వెనక పెంటకుప్ప తవ్వి, సన్నటి వానపాముని పట్టుకొచ్చింది. చిన్న ముక్క చేసి, పుల్లకి గుచ్చి, పెంకు ముందు పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ముందు ముక్కు వచ్చింది. ఆ తర్వాత రెండు చేతులు వచ్చాయి. నాలుక లేదు కదా, అందుకని ఆ రెండు చేతులతో వానపాముని పట్టుకుని నోట్లో కుక్కుకుంది. కుక్కుకుని, బుగ్గలు తుడుచుకున్నట్టు ఇటోసారి అటోసారి చేతులు ఆడించింది.

గవరమ్మ ఫక్కున నవ్వింది. "ఓలమ్మో, అచ్చం మన రత్నం లడ్డూ తిన్నట్టే తింటాంది!"

అంతే. ఆ నవ్వుతో గవరమ్మ మనసు కప్ప దగ్గరికి వెళ్ళిపోయింది. పొద్దున లేస్తే ముందు పొయ్యి దగ్గరికి కాదు, తొట్టి దగ్గరికే. కప్ప కూడా అలవాటు పడింది. గవరమ్మ గాజుల చప్పుడయితే పెంకు కింది నుంచి బయటికి వచ్చేది.

ఇంక ఊరుకుంటారా జనం? నాలుక లేని కప్పట, చేతులతో తింటుందట అని వీధి వీధంతా చూడ్డానికి వచ్చారు. అదివరకు గుమ్మం తొక్కని పిల్లలు రత్నం పక్కన చేరారు. అబ్బ ఎంత ముద్దుగా ఉంది అని ఒకరు. అబ్బ ఎంత బొద్దుగా ఉంది అని ఇంకొకరు. గవరమ్మ గుండెల్లో రాయి పడింది. ఇన్ని కళ్ళు! ఇందులో ఎవరి కన్ను మంచిదో, ఎవరిది చెడ్డదో?

ఆ ఊళ్ళో దిష్టి తీసే పద్ధతి వేరు. వేరే ఊళ్ళల్లో ఉప్పుతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తారు, వీధిలో పారేస్తారు. ఆ ఊళ్ళో అలా కాదు. ఎవరికి దిష్టి తీశారో వాళ్ళ కళ్ళ ముందే ఆ ఉప్పు నీళ్ళలో కరగాలి. ఉప్పు కరిగితేనే దిష్టి కరిగినట్టు. రత్నం పుట్టినప్పుడూ అంతే, గేదె ఈనినప్పుడూ అంతే.

అందుకని దీపాలు పెట్టే వేళకి, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, రత్నం పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ ఉండగా గవరమ్మ చిటికెడు ఉప్పు తెచ్చేది. బుడుంగు చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అని, ఎదురుగా ఉన్న నీళ్ళలో వేసేసేది. అప్పుడు హమ్మయ్య అనుకుని లోపలికి పోయి అన్నం వార్చేది.

ఏమిటలా లేచి కూర్చున్నావు? తెలిసిపోయిందా? తెలిస్తే నీ దగ్గరే ఉంచుకో. గవరమ్మకి చెప్పకు, ఆవిడకి ఇంకా తెలీదు. పడుకో.

ఆ తర్వాత కప్ప డీలా పడింది. గాజులు గలగలమన్నా బయటికి రాదు. ఒంటి మీద చర్మం ఉల్లిపొరలా లేస్తోంది. పైకి తేలి, మూతకి ముక్కు కొట్టుకుంటోంది, ఇక్కణ్ణించి తీసేయండర్రా అన్నట్టు. గవరమ్మ గాభరాపడి నీళ్ళన్నీ మార్చేది. మారిస్తే కాస్త తేరుకునేది. తెల్లారేసరికి మళ్ళీ అదే తంతు. రత్నం ఏడుపు మొహం పెట్టుకుని తొట్టి పక్కనే కూర్చునేది. చూడ్డానికి వచ్చే పిల్లలు కూడా తగ్గిపోయారు. జబ్బు కప్పని ఎవరు చూస్తారు?

"ఎవరో ఏదో చేత్తన్నారు," అనుకుంది గవరమ్మ. కప్పకేం జబ్బు అనుకోలేదు చూశావా? ఎవరో చేశారనే అనుకుంది.

ముందు అనుమానం పిల్లి మీద. ఎదురింటి మాచమ్మ పిల్లి రోజూ గవరమ్మ కిటికీలో కూర్చునేది. కప్ప దాన్ని చూసే బెదిరిపోయింది అనుకుంది గవరమ్మ. నడుం మీద చేతులు పెట్టుకుని వీధిలోకి వచ్చింది.

"మాచమ్మా! నీ పిల్లి మా కప్పని అదరగొట్టేత్తంది!"

"అది ఎండ కోసం కూకుంటాదమ్మా. కిటికీ నీదయితే అయ్యింది, ఎండ కూడా నీదేటి?" అంది మాచమ్మ.

మాటా మాటా పెరిగింది. మాచమ్మ పిల్లిని గంప కింద మూసింది. ఆ రోజు నుంచి ఎదురెదురు ఇళ్ళ వాళ్ళకి మాటల్లేవు. గవరమ్మ కిటికీ తలుపులు గట్టిగా మూసి, మాచమ్మ ఏమని తిట్టుకుంటోందో అని, ఆ సాయంత్రం చిటికెడు కాకుండా గుప్పెడు ఉప్పు తిప్పింది.

కప్ప బాగుపడిందా? ఎలా బాగుపడుతుంది?

అప్పుడు గవరమ్మ వేలు ముంచి తొట్టిలో నీళ్ళు నాలుక మీద వేసుకుంది. ఉప్పన! వెంటనే అనుమానం గురవయ్య మీదికి పోయింది. అంత దూరం వెళ్ళలేక దగ్గర్లో ఉన్న ఉప్పుబావిలో నీళ్ళు తోడి పోస్తున్నాడు, అందుకే మా కప్పకి ఈ గతి, అనుకుంది. పొద్దున బండి చప్పుడు కాగానే గుమ్మంలో నిలబడింది.

"ఇయ్యి మంచినీల్లేనా గురవయ్యా?"

"నా బండెక్కినాక ఇసక దిబ్బల బావి నీల్లు తప్ప ఇంకోటుండవు వదినా. నీ కుండలో పోసినయ్యి ఉన్నాయి కదా, ఓ గుక్క తాగి సూడు," అన్నాడు గురవయ్య.

తాగితే తెలిసిపోయేది. తాగలేదు. నీ మాట మీద నేను తాగాలా అని, కుండెడు మంచినీళ్ళు ఎత్తి వీధిలో కుమ్మరించేసింది. వీధిలో వాళ్ళంతా అయ్యయ్యో అన్నారు. ఆ ఊళ్ళో మంచినీళ్ళు పారబొయ్యడం అంటే అన్నం పారబొయ్యడం లాంటిదే. గురవయ్య తడిసిన మట్టికేసి చూసి, ఎద్దుని అదిలించి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఆ గుమ్మం ముందు బండి ఆగలేదు.

ఆ తర్వాత గవరమ్మ తనే బిందె ఎత్తుకుని ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ పోయి, నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. కప్ప తేరుకుంది. సాయంత్రం రెండు గుప్పెళ్ళ ఉప్పు తిప్పింది. తెల్లారేసరికి కప్ప మళ్ళీ కాళ్ళు చాపేసింది. నీళ్ళు మళ్ళీ ఉప్పన.

తన చేత్తో తెచ్చిన నీళ్ళు కదా! గురవయ్య తప్పు లేదని అప్పుడు తెలిసింది. తెలిస్తే పోయి ఒక మాట అనాలా వద్దా? అనలేదు. ఇంకో అనుమానం అప్పటికే తయారుగా ఉంది మరి.

గవరమ్మకి ఒక తోడికోడలు ఉంది. పేరు పైడమ్మ. లోవరాజు తమ్ముడి పెళ్ళాం. పొద్దస్తమానం ఉప్పు మళ్ళలో పని. పనైపోయాక రోజూ సాయంత్రం వచ్చి, తొట్టికి ఇంత దూరంలో చతికిలబడి, కప్పని చూసి, రత్నంతో రెండు కబుర్లు చెప్పి వెళ్ళేది. ఆవిడకి పిల్లల్లేరు. రత్నం అంటే ప్రాణం.

"పిల్లల్లేనిది. మా పిల్ల సంతోషాన్ని సూడలేక ఉప్పు కలుపుతాంది," అనుకుంది గవరమ్మ. చూశావా, ఎంత మాట అనుకుందో! అనుకుని ఊరుకుందా? పిన్నితో మాట్లాడకు అని రత్నానికి గట్టిగా చెప్పింది. ఆ పిల్ల ఆ పూట అన్నం ముద్ద ముట్టలేదు. కప్పా తినదు, పిల్లా తినదు.

అప్పుడు గవరమ్మ దొంగని పట్టుకుందామని ఎత్తు వేసింది. తలుపు ఓరగా తెరిచి ఉంచి, తను గాదె వెనక దాక్కుంది. పొద్దున నుంచి అక్కడే. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చీమలు కుట్టాయి. అయినా కదల్లేదు. పిల్లి రాలేదు. గురవయ్య రాలేదు. ఎవరూ రాలేదు.

దీపాల వేళకి పైడమ్మ వచ్చింది. చంకలో చిన్న బిందె. బిందె గుమ్మం పక్కన పెట్టి, ఎప్పటిలాగే దూరంగా కూర్చుంది. అమ్మ మాట గుర్తొచ్చి రత్నం మూతి బిగించుకుంది. కానీ ఎంతసేపు బిగిస్తుంది?

"పిన్నీ, దగ్గరికొచ్చి సూడు. బుడుంగు కదల్డం లేదు," అంది ఏడుస్తూ.

"నా సేతులు సూడమ్మా, పొద్దున్నుంచి ఉప్పులో ఉన్నాయి. ఎంత కడిగినా గోల్ల సందుల్లో ఉండిపోద్ది. మీ నాన్న సెప్పేడు కదా, ఉప్పు తగలకూడదని. అందుకే మూత కూడా ముట్టను," అంది పైడమ్మ.

గాదె వెనక గవరమ్మకి ఈ మాట వినపడింది. వినపడితే బుద్ధి రావాలా? చేతులు పెట్టకపోతే కళ్ళు పెట్టింది అనుకుంది. విసవిసా బయటికి వచ్చింది. పైడమ్మ వైపు చూడనైనా చూడకుండా వంటింట్లోకి పోయింది. దోసిలి నిండా రాళ్ళుప్పు తెచ్చింది. మూత తీసి, పైడమ్మ ఎదురుగానే బుడుంగు చుట్టూ ముమ్మారు తిప్పింది. "ఇంట్లోకొచ్చినోల్ల దిష్టి, సూసినోల్ల దిష్టి," అని గట్టిగా అని, తొట్టిలో గుమ్మరించేసింది.

రత్నం కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది.

"అమ్మా! ఉప్పు కలిపేది నువ్వేనా?"

 గవరమ్మ తన చేతులకేసి చూసుకుంది. అరచేతులకి ఉప్పు ఇంకా అంటుకునే ఉంది. తొట్టిలో బుడుంగు ఒక్కసారి గిలగిల్లాడి, వెల్లకిలా తేలింది.

"నీల్లు! మంచినీల్లు!" అని కుండ దగ్గరికి పరిగెత్తింది గవరమ్మ. కుండ ఖాళీ. ముందురోజు తెచ్చినదంతా తొట్టికే సరిపోయింది. గురవయ్య బండి రావడం మానేసింది. మాచమ్మ ఇంటికి వెళ్ళి అడుగుదామంటే మాటల్లేవు. ఊరంతా తనే తలుపులు మూసేసుకుంది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అక్కా, ఏడుపు తరవాత. ఈ బిందెలోవి గురవయ్య పోసిన మంచినీల్లే. మీ ఇంటికాడ బండి ఆగట్లేదని తెలిసి, మాకు పోసినయ్యి తెచ్చేను," అంది పైడమ్మ.

గవరమ్మ బిందె అందుకోబోయింది. అప్పుడు పైడమ్మ గట్టిగా అరిచింది, "నువ్వు ముట్టకు! నీ సేతులకీ ఉప్పే, నా సేతులకీ ఉప్పే!"

ఇద్దరూ రత్నం వంక చూశారు. ఆ ఇంట్లో ఉప్పు అంటని చేతులు ఆ పిల్లవే.

అప్పుడు రత్నం ముక్కు ఎగబీల్చి, చిన్న గిన్నెతో బిందెలో నీళ్ళు ముంచి సత్తు పళ్ళెంలో పోసింది. రెండు చేతులూ దోసిలి పట్టి బుడుంగుని ఎత్తింది. మెల్లిగా ఆ మంచినీళ్ళలో వదిలింది. గవరమ్మ, పైడమ్మ చెరోపక్కా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. బుడుంగు కదల్లేదు. రత్నం పాత నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు ముంచి పోసింది. కదల్లేదు. మళ్ళీ పారబోసి మళ్ళీ ముంచి పోసింది. అప్పుడు ఒక కాలు కదిలింది. ఆ తర్వాత ముక్కు పైకి వచ్చింది. గాలి పీల్చుకుని, బుడుంగుమంది.

గవరమ్మ నేల మీద కూలబడిపోయి ఏడ్చింది. "దొంగ కోసం ఊరంతా ఎతికేనే పైడీ. దొంగ నా గుప్పిట్లోనే ఉందే," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

పైడమ్మ పక్కన కూర్చుంది.

మర్నాడు తెల్లవారగానే గవరమ్మ బయల్దేరింది. ముందు మాచమ్మ ఇంటికి వెళ్ళి, తన చేత్తోనే గంప ఎత్తి పిల్లిని వదిలింది. కిటికీ తలుపులు బార్లా తెరిచింది. ఆ తర్వాత గురవయ్య బండికి ఎదురెళ్ళి, నలుగురిలో, "తప్పు నాది," అంది. గురవయ్య ఎద్దుని ఆపి, కుండ తెమ్మన్నాడు. ఆయన పోయగానే గవరమ్మ అక్కడే నిలబడి కడుపు నిండా తాగింది.

ఆ తర్వాత ఉప్పు మళ్ళకి పోయింది. పైడమ్మ వంగి ఉప్పు పోగుచేస్తోంది. గవరమ్మ ఒక గుప్పెడు ఉప్పు తీసింది. పైడమ్మ చుట్టూ ముమ్మారు తిప్పింది.

"ఇదేటక్కా, నాకెవరి దిష్టి తగిలింది?" అంది పైడమ్మ.

"నాదే. ఇన్నాల్లూ నీ మీద పడ్డ సెడ్డ కల్లు నాయే," అంది గవరమ్మ. ఆ ఉప్పుని పైడమ్మ కళ్ళ ముందే మడి నీళ్ళలో వేసింది. ఇద్దరూ కరిగేదాకా చూస్తూ నిలబడ్డారు. నీకు పిల్లల్లేరని నేననుకున్న మాట నీకు చెప్పలేను, అది కూడా ఇందులోనే పోవాలి, అని గవరమ్మ మనసులో అనుకుంది.

బుడుంగు మాత్రం వెంటనే నమ్మలేదు. నువ్వయితే నమ్ముతావా? కొత్తగా వచ్చినప్పటిలాగే పెంకు కింద దాక్కుంది. గవరమ్మ చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, రత్నం చేత కూడా వాసన చూపించి, అప్పుడు పుల్లకి వానపాము ముక్క గుచ్చి పెట్టేది. బుడుంగు మొహం తిప్పుకునేది. తొందరపడకుండా ముక్క తీసేసి, మళ్ళీ ఎల్లుండి పెట్టేది. నన్ను నమ్మడానికి దానికి మాత్రం టైం పట్టదేటి, అనేది.

ఒక సాయంత్రం ఇల్లంతా పిల్లలు. కిటికీలో పిల్లి. పైడమ్మ దూరంగా కాదు, తొట్టి పక్కనే, రత్నాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గవరమ్మ గాజులు గలగలమన్నాయి. పెంకు కింది నుంచి ముందు ముక్కు వచ్చింది. ఆ తర్వాత రెండు చేతులు వచ్చాయి. గవరమ్మ చేతిలోంచి వానపాము ముక్క అందుకుని, రెండు చేతులతో నోట్లో కుక్కేసుకుంది.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అన్నారు.

గవరమ్మ చెయ్యి అలవాటుకొద్దీ ఉప్పు జాడీ వైపు పోయింది. సగంలో ఆగింది. వెనక్కి వచ్చి రత్నం తల నిమిరింది.

ఆఁ, నిద్ర వస్తోందా? ఇంక ఇలా అను నాతో పాటు.

ఉప్పేమో మడిలోకి,
కప్పేమో గూటిలోకి,
అనుమానం సంద్రంలోకి,
కథేమో కంచిలోకి,
మనమేమో దుప్పట్లోకి!